గుడ్డు మీద మైనంతో రాయడం: మొదటి పిసంక చేసేవాళ్లకు మొదటి నుంచి చివరి దాకా

ఉక్రెయిన్‌లో ఈస్టర్ గుడ్డు మీద బొమ్మ గీశాం అనరు, గుడ్డు రాశాం అంటారు. ఆ గుడ్డు పేరు పిసంక, ఒకటి కంటే ఎక్కువైతే పిసంకి. రాయడం అనే అర్థమున్న ‘పిసాతి’ అనే మాట నుంచే ఆ పేరు పుట్టింది. నేను ఇవానో ఫ్రాంకివ్‌స్క్‌లో మెడిసిన్ చదివే రోజుల్లో మేం అద్దెకున్న ఇంటావిడ, డెబ్భై దాటిన పెద్దావిడ, ఈస్టర్‌కు ముందు నెలంతా రాత్రి భోజనాలయ్యాక వంటింటి బల్ల మీద కొవ్వొత్తి వెలిగించుకుని ఇదే పనిలో ఉండేవారు. మేం ఆమెను బబూస్య అని పిలిచేవాళ్లం, అంటే బామ్మ. ఆమె పక్కన కూర్చుని మూడు ఈస్టర్ల పాటు నేర్చుకున్నాను. 2022లో యుద్ధం మొదలై అక్కడి నుంచి వచ్చేసినప్పుడు సర్టిఫికెట్ల సంచిలో పడేసుకుని తెచ్చుకున్నది ఆమె ఇచ్చిన కలం ఒక్కటే. ఇప్పుడు విజయవాడలో ప్రతి ఏడాదీ రాస్తున్నాను. ఇక్కడ దొరికే సామాన్లతో, ఇక్కడి ఎండల్లో ఈ పని ఎలా చేయాలో తెలుసుకోవడానికి చాలా గుడ్లే ఖర్చయ్యాయి, మీకు అన్ని ఖర్చు కాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక తేడా చెప్పాలి. ఉడకబెట్టి ఒకే రంగు వేసిన గుడ్డు పిసంక కాదు, దాన్ని క్రషంక అంటారు, అది తినడానికి. ఈస్టర్ బుట్టలో పాస్క అనే రొట్టెతో పాటు పెట్టి చర్చిలో దీవెన చేయించుకుని, పొద్దున్నే ఇంటికొచ్చి తింటారు. పిసంక పచ్చి గుడ్డు మీద రాసేది, దాచుకోవడానికీ ఒకరికొకరు ఇచ్చుకోవడానికీ. కార్పాతియన్ కొండల్లోని హుత్సుల్ జనం చెప్పుకునే కథ ఒకటుంది: కొండకు గొలుసులతో కట్టేసిన ఒక దుష్ట సర్పం ఏటా మనుషుల్ని పంపి ఆ సంవత్సరం ఎన్ని పిసంకి రాశారో లెక్క తెప్పించుకుంటుందట, తక్కువ రాస్తే గొలుసులు వదులవుతాయి, ఎక్కువ రాస్తే బిగుసుకుంటాయి, జనం రాయడం మానేసిన రోజున ఆ పాము బయటికొచ్చి లోకాన్ని మింగేస్తుంది. బబూస్య ఈ కథను చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పేవారు కాదు, రేషన్ లెక్క చెప్పినట్టు మామూలుగా చెప్పి, ‘నువ్వు కూడా ఒకటి రాయి’ అనేవారు. క్రైస్తవం రాకముందు నుంచీ వసంతంతో, సూర్యుడితో ముడిపడిన అలవాటు ఇది, తర్వాత ఈస్టర్‌లో కలిసిపోయింది. 2024 డిసెంబరులో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది, ఉక్రెయిన్, ఎస్టోనియా కలిసి ప్రతిపాదించాయి.

అసలు కిటుకు

పనికి దిగేముందు ఒక్క విషయం బుర్రకెక్కాలి, అది ఎక్కితే మిగతాదంతా ఓపికే. మైనం ఉన్నచోట రంగు అంటదు. అంతే. బాతిక్ చీర చూసినవాళ్లకు ఇది తెలిసిందే. మన కోరమాండల్ తీరంలో కూడా పాతకాలపు కలంకారీ అద్దకంలో బట్టను నీలిమందు తొట్టిలో ముంచేముందు నీలం అంటకూడని చోటల్లా మైనం పూసేవాళ్లు. అదే సూత్రం ఇక్కడ గుడ్డు పెంకు మీద.

చిక్కు ఎక్కడంటే, మనకు అలవాటైన పద్ధతికి ఇది తిరగేసి ఉంటుంది. ఎర్ర పువ్వు కావాలంటే ఎర్ర రంగు తీసుకుని పువ్వు వేయడం మనకు తెలిసిన దారి. ఇక్కడ గుడ్డంతా ఎరుపులో ముంచి, పువ్వు ఎక్కడ ఉండాలో అక్కడ మైనంతో కప్పి, తర్వాత మిగతా గుడ్డును నలుపులో ముంచాలి. అంటే మీరు మైనంతో రాసేది ప్రతిసారీ ‘ఇక్కడ ఇప్పుడున్న రంగు ఇలాగే ఉండిపోవాలి’ అని. తెల్ల గుడ్డు మీద రాసింది తెల్లగా మిగులుతుంది, పసుపులో ముంచి తీశాక రాసింది పసుపుగా మిగులుతుంది, అలా లేత రంగు నుంచి ముదురు రంగుకు వెళ్తారు. చివరికి మీ చేతిలో ఉండేది మసిపట్టిన మైనం మరకలతో నిండిన నల్లటి గుడ్డు, ఏ అందమూ కనిపించదు. మైనం కరిగించి తుడిచినప్పుడే తెలుపు, పసుపు, ఎరుపు ఒక్కసారిగా బయటపడతాయి. నా మొదటి గుడ్డు తుడిచిన రాత్రి నేను నిద్రపోలేదు, పక్కన పెట్టుకుని చూస్తూనే ఉన్నాను.

గుడ్డు ఎంచుకోవడం

మన దగ్గర ఈ పనికి ఒక అదృష్టం ఉంది: ఫారం గుడ్లు తెల్లగా ఉంటాయి. నాటుకోడి గుడ్డు లేత గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి తెలుపు అసలు రాదు, పసుపు కూడా మట్టిరంగుగా కనిపిస్తుంది, మొదటిసారి వద్దు. బాతు గుడ్డు పెంకు గట్టిగా ఉంటుంది, పెద్దగా ఉంటుంది, చేయి కుదిరాక దాని మీద రాస్తే బాగుంటుంది.

డజను తీసుకొచ్చి అందులోంచి మూడు నాలుగు ఏరుకోండి. ముద్ర వేసినవి వద్దు. పెంకు నున్నగా ఉండాలి, వేలితో రాస్తే గరుకు గింజలు తగలకూడదు. చీకట్లో ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెట్టి చుట్టూ తిప్పి చూడండి, వెంట్రుకంత పగులున్నా వెలుగులో గీతలా కనిపిస్తుంది, అది పక్కన పెట్టేయండి, ఆమ్లెట్‌కు పనికొస్తుంది. ఐదు గంటలు కష్టపడ్డాక పగులు బయటపడితే ఆ బాధ మామూలుగా ఉండదు.

సబ్బుతో తోమకండి. గుడ్డు పెంకు మీద కంటికి కనబడని పల్చటి పొర ఒకటి ఉంటుంది, ప్రోటీన్ పొర, రంగు పట్టేది ముఖ్యంగా దానికే. అది పోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఒక కప్పు నీళ్లలో పెద్ద చెంచా తెల్ల వెనిగర్ కలిపి అందులో గుడ్డును ఒక్కసారి ముంచి, వేళ్లతో మెల్లగా తడిమి, టిష్యూతో అద్ది ఆరబెట్టండి. వెనిగర్‌లో వదిలేసి ఫోన్ మాట్లాడుతూ కూర్చోకండి, పెంకు సున్నం కరిగి బుడగలొస్తాయి.

ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డు మీద వెంటనే రాయకూడదు. మన వేసవిలో అది బయటికి రాగానే చెమటలు పడుతుంది, తడి మీద మైనం అతుక్కోదు, అప్పటికి అతుక్కున్నట్టే ఉండి రంగులో ముంచగానే ఊడొస్తుంది. ముందు రాత్రే బయట పెట్టండి. ఉడకబెట్టిన గుడ్డు కూడా వద్దు. అది దాచుకుంటే కుళ్లిపోతుంది, పచ్చి గుడ్డయితే చివర్లో సొన తీసేయవచ్చు. ముందే సొన తీసేసిన ఖాళీ గుడ్డు మీద రాసేవాళ్లూ ఉన్నారు, కానీ అది రంగులో తేలుతుంది, కన్నాన్ని మైనంతో మూసి పైన బరువు పెట్టి ముంచి ఉంచాలి. మొదటిసారికి అంత తతంగం అక్కర్లేదు.

ఇంకొక్కటి: చేతులు. తలకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తో, క్రీము పూసుకున్న చేత్తో గుడ్డు పట్టుకుంటే ఆ వేలిముద్ర రంగు వేశాక కనబడుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, గుడ్డును టిష్యూతోనో మెత్తటి నూలు గుడ్డతోనో పట్టుకోండి.

మైనం, కలం

మైనం అంటే ఇక్కడ తేనె మైనమే. కొవ్వొత్తి మైనం చల్లారాక పెళుసుగా ఉంటుంది, పొలుసులుగా లేస్తుంది, రంగు కిందికి దూరుతుంది. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పెంకును గట్టిగా పట్టుకుంటుంది. సబ్బులు, కొవ్వొత్తులు ఇంట్లో చేసుకునేవాళ్లకు సామాన్లు అమ్మే షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, 100 గ్రాములు కొంటే చాలా గుడ్లకు వస్తుంది. తెల్లగా శుద్ధి చేసింది కాకుండా పసుపుపచ్చగా తేనె వాసన వచ్చేది తీసుకోండి. మంట కోసం మాత్రం మామూలు కొవ్వొత్తి చాలు.

కలానికి ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు: కిస్త్క, పిసాక్, పిసచోక్. నేను కిస్త్క అనే అంటాను. పుల్ల చివర అడ్డంగా కట్టిన చిన్న లోహపు గరాటు, అంతే. గరాటు పైన మైనం పడుతుంది, కింద సన్నటి కన్నంలోంచి కారుతుంది. ఆన్‌లైన్‌లో సన్నం, మధ్యరకం, లావు అని మూడు కొలతల్లో దొరుకుతాయి. కొనలేకపోతే ఇంట్లో చేసుకోవచ్చు, పల్లెల్లో ఎప్పుడూ అలాగే చేసుకున్నారు. పల్చటి రాగి రేకునో ఇత్తడి రేకునో రెండు సెంటీమీటర్ల ముక్క కత్తిరించి, కుట్టుసూది చుట్టూ గోరింటాకు కోన్ చుట్టినట్టు బిగించి చుట్టండి, సూది లాగేస్తే సన్నటి కన్నం మిగులుతుంది. పెన్సిలంత పుల్ల చివర చీల్చి, గరాటును అందులో అడ్డంగా ఇరికించి, సన్నటి రాగి తీగతో గట్టిగా కట్టండి. దారంతో కట్టకండి, కాలిపోతుంది. మొనను సన్నటి గరుకు కాగితం మీద రుద్ది నున్నగా చేయండి, లేకపోతే పెంకును గీరుతుంది.

అదీ కుదరకపోతే గుండుసూది. పెన్సిల్ వెనక రబ్బరులో గుండుసూది గుచ్చి, దాని తలను కరిగిన మైనంలో ముంచి గుడ్డుకు తాకించి లాగితే కన్నీటిబొట్టు ఆకారం వస్తుంది. ఆ బొట్లను గుండ్రంగా పేరిస్తే సూర్యుడు, ఒకదాని కింద ఒకటి పేరిస్తే ధాన్యపు కంకి. కార్పాతియన్ కొండల్లోనే మరో జనమైన లెమ్కోల దగ్గర, పోలండ్‌లో, లిథువేనియాలో చాలా గుడ్లు ఈ పద్ధతిలోనే చేస్తారు. పదేళ్ల పిల్లలతో చేయించాలంటే నేను దీంతోనే మొదలుపెట్టిస్తాను, పక్కనే కూర్చుని.

రంగులు

అక్కడ పిసంకి కోసమే పొడులు పొట్లాల్లో అమ్ముతారు. ఇక్కడ నాకు బాగా పనిచేసినవి పట్టుకూ ఉన్నికీ వేసే యాసిడ్ రంగులు. నూలుబట్టకు వేసే రంగులు వద్దు, పెంకుకు సరిగ్గా పట్టవు. కారణం ఇందాక చెప్పిన ప్రోటీన్ పొరే. పట్టు, ఉన్ని కూడా ప్రోటీనే కదా, వెనిగర్ పులుపులో ఈ రంగులు ప్రోటీన్‌ను అంటిపెట్టుకుంటాయి. కేకుల్లో వేసే ఫుడ్ కలర్ పొడులు కూడా అదే జాతి కాబట్టి పసుపు, ఆరెంజ్, ఎరుపు వాటితో వచ్చేస్తాయి, కాస్త లేతగా. నలుపు మాత్రం ఫుడ్ కలర్‌తో నాకెప్పుడూ నిండుగా రాలేదు, నలుపు ఒక్కటైనా యాసిడ్ రంగు కొనండి.

ఒక్కో రంగుకు వెడల్పు మూతి ఉన్న గాజు సీసా, పచ్చడి సీసా అయినా హార్లిక్స్ సీసా అయినా. 200 మిల్లీలీటర్ల నీళ్లు మరగబెట్టి, చిన్న చెంచా పొడి వేసి కలిపి, పూర్తిగా చల్లారాక పెద్ద చెంచా వెనిగర్ పోయండి. పూర్తిగా చల్లారాక అని ఎందుకంటున్నానంటే, వేడి రంగులో ముంచితే గంటసేపు రాసిన మైనం నిమిషంలో కరిగి తేలుతుంది. కొన్ని కంపెనీల ఆరెంజ్ రంగుకు వెనిగర్ వేయొద్దని పొట్లం మీదే ఉంటుంది, చదవండి. రంగు సరిగ్గా ఉందో లేదో చూడటానికి మంచి గుడ్డును పాడుచేసుకోవద్దు, ఆమ్లెట్ వేసినప్పటి తెల్ల పెంకు ముక్కలు కడిగి దాచుకుని వాటిని ముంచి చూడండి.

పాతకాలంలో అక్కడ ఉల్లిపొట్టు, ఓక్ చెట్టు బెరడు, పొద్దుతిరుగుడు గింజల పొట్టు, వాల్‌నట్ పచ్చి తొక్కలు మరిగించి రంగులు తీసేవాళ్లు. ఉల్లిపొట్టు మన ఇంట్లో కూడా ఉంటుంది, దోసెడు పొట్టు అరగంట మరిగించి చల్లార్చి కాస్త పటిక కలిపితే బంగారు పసుపు నుంచి ఇటుక రంగు దాకా వస్తుంది. కానీ గంటలు గంటలు నానాలి. ముందు పొడులతో పని నేర్చుకున్నాక అటు వెళ్లండి.

యాసిడ్ రంగు వేసిన గుడ్డు సొన తినకండి, ఫుడ్ కలర్ వేసినదైనా రోజంతా వేడిలో ఉన్న పచ్చి గుడ్డు కాబట్టి అదీ వద్దు. సీసాల మీద రంగు పేరు రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి, చూడటానికి షర్బత్‌లాగే ఉంటాయి.

ఏ రంగు తర్వాత ఏది

తెలుపు, పసుపు, ఆరెంజ్, ఎరుపు, నలుపు. మొదటి గుడ్డుకు ఈ ఐదే. ఈ రంగులు రంగు గాజులా కింది రంగును చూపిస్తాయి, అందుకే పసుపు మీద ఆరెంజ్, దాని మీద ఎరుపు చక్కగా కూర్చుంటాయి, ఎరుపు మీద మళ్లీ పసుపు వేస్తే ఏమీ కనబడదు. ఆకుపచ్చ కావాలనిపిస్తే గుడ్డంతా ముంచొద్దు. పసుపు తర్వాత, అగ్గిపుల్లతోనో సన్నటి బ్రష్‌తోనో ఆకులు ఉండాల్సిన చోట మాత్రం ఆకుపచ్చ అద్ది, నిమిషం ఆగి టిష్యూతో ఒత్తి, వెంటనే మైనంతో కప్పేయండి. పక్కకు కారిన ఆకుపచ్చ ఆ తర్వాత వేసే ఆరెంజ్‌లో చాలావరకు కలిసిపోతుంది. నేరుగా ఎరుపులోకి వెళ్తే అక్కడ బురద రంగు మిగులుతుంది. ఎరుపుకు ముందు ఆరెంజ్ ఎందుకని బబూస్యను అడిగితే ఆమె చెప్పిన కారణం ఇదే.

గుడ్డును విభజించడం

పెన్సిల్‌తో చాలా తేలిగ్గా, దాదాపు కనబడనంత తేలిగ్గా గీయండి. రబ్బరుతో చెరపకండి, రబ్బరు రుద్దినచోట రంగు పట్టదు. పెన్సిల్ గీత తప్పు పడితే వదిలేసి పక్కన ఇంకోటి గీయండి, చివర్లో మైనం తుడిచేటప్పుడు చాలావరకు పోతుంది.

మొదటి గుడ్డుకు నేను సూచించేది ఎనిమిది కొసల నక్షత్రం. అక్కడ దాన్ని రూజా అంటారు, సూర్యుడికి గుర్తు. గుడ్డును ముందు భాగం, వెనక భాగం అనుకోండి. మొద్దు కొస నుంచి మొనకొస మీదుగా చుట్టూ ఒక నిలువు గీత గీస్తే అది ముందుకూ వెనక్కీ మధ్య సరిహద్దు. దానికి సరిగ్గా అడ్డంగా ఉండేలా ఇంకో నిలువు గీత, ఇది ముందు భాగం నడిమధ్య నుంచి వెనక భాగం నడిమధ్యకు వెళ్తుంది. ఇప్పుడు నడుము చుట్టూ ఒక అడ్డగీత. ముందు భాగం మధ్యలో కూడిక గుర్తు కనిపిస్తుంది కదా, దాని మీద ఐమూలగా రెండు గీతలు గీస్తే ఎనిమిది కిరణాలు వస్తాయి. గీత తిన్నగా రావాలంటే నడుముకు వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి దాని అంచు వెంట గీయండి.

కూడిక గుర్తు నాలుగు కిరణాల మీద మధ్య నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో చుక్కలు పెట్టండి, ఐమూల కిరణాల మీద 8 మిల్లీమీటర్ల దగ్గర. వరుసగా కలపండి, నాలుగు కొసల నక్షత్రం వచ్చింది. ఇప్పుడు ఐమూల కిరణాల మీద 17 మిల్లీమీటర్ల దగ్గర ఇంకో చుక్క పెట్టి, దాన్ని రెండు పక్కలా ఉన్న గీతల మధ్యకు కలపండి. ఎనిమిది కొసలు పూర్తయ్యాయి. వెనక భాగంలో కూడా ఇదే. సరిహద్దు గీతకు రెండు వైపులా అర సెంటీమీటరు వదిలి రెండు గీతలు గీస్తే గుడ్డు చుట్టూ ఒక పట్టీ వస్తుంది, అందులో అల రాస్తాం. ఆ అలను బెస్కొనేచ్నిక్ అంటారు, అంతం లేనిది అని అర్థం.

ముగ్గు వేసిన చేతికి చుక్కలు కలపడం కొత్త కాదు. కానీ ఒక అలవాటు మార్చుకోవాలి: ముగ్గులో చేయి కదులుతుంది, ఇక్కడ చేయి కదలకూడదు, గుడ్డు కదలాలి. కలం పట్టిన చేతిని బల్లకు ఆనించి స్థిరంగా ఉంచి, రెండో చేత్తో గుడ్డును కలం మొన కింద మెల్లగా తిప్పండి. గీతలు వంకరపోతున్నాయని బాధపడేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే.

రాయడం

ఫ్యాన్ ఆపేయాలి. ఈస్టర్ మనకు మార్చి చివర నుంచి ఏప్రిల్‌లో వస్తుంది, విజయవాడలో ఆ రోజుల్లో ఫ్యాన్ లేకుండా మధ్యాహ్నం కూర్చోలేం, ఫ్యాన్ ఉంటే కొవ్వొత్తి నిలవదు, మైనం దారిలోనే గడ్డకడుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఏడు దాకా రాయడం నాకు కుదిరిన పద్ధతి. అక్కడ ఆడవాళ్లు పిల్లలు పడుకున్నాక రాత్రిపూట రాసేవారు, అదీ మంచిదే. జుట్టు ముడి వేసుకోండి, చున్నీ పక్కన పెట్టండి, మంట ముందు గంటల తరబడి వంగి కూర్చునే పని ఇది. బల్ల మీద పాత పేపర్లు పరవండి.

గరాటును కొవ్వొత్తి మంట పక్కన ఐదు, పది సెకన్లు వేడి చేసి, తేనె మైనం ముద్దలోకి గుచ్చి కాస్త మైనం తీసుకుని, మళ్లీ మంట దగ్గర పెట్టి, పేపరు మీద ఒక చిన్న గీత గీసి చూడండి. మొదట ఎప్పుడూ ఒక పెద్ద బొట్టు పడుతుంది, అది పేపరు మీద పడిపోవాలి, గుడ్డు మీద కాదు. గీత సమంగా వస్తే వెంటనే గుడ్డు మీదికి. మొనను పెంకుకు నిటారుగా పట్టండి, నొక్కొద్దు, తాకితే చాలు. మైనం కారడం ఆగితే గీకొద్దు, మళ్లీ మంట దగ్గరికి తీసుకెళ్లండి. రెండు మూడు సెంటీమీటర్ల గీతకొకసారి వేడి చేయాల్సి వస్తుంది, వేళ్లకు ఆ లయ పట్టడానికి ఒక అరగంట పడుతుంది. మసి వల్ల మైనం నల్లగా మారుతుంది, అది మంచికే, ఎక్కడ రాశారో కనబడుతుంది.

తెల్ల గుడ్డు మీద ముందు తెల్లగా ఉండాల్సినవన్నీ రాయండి: నక్షత్రాల అంచులు, కొసలను మధ్యకు చీల్చే కిరణాల గీతలు, పట్టీ రెండు అంచులు, నక్షత్రం చుట్టూ అక్కడక్కడ చుక్కలు. ఇది సగం పని. రాయడం అయ్యాక వెలుగులో తిప్పి చూసుకుని, తెగిన గీతలుంటే కలపండి.

చెంచాలో గుడ్డు పెట్టి పసుపు సీసాలోకి దించండి. ఐదు నిమిషాలకు తీసి చూడండి, లేతగా ఉంటే మళ్లీ పెట్టండి. తీశాక టిష్యూతో అద్దాలి, రుద్దకూడదు. పూర్తిగా ఆరాక పసుపుగా ఉండాల్సినవి రాయండి: పట్టీలో అల, ప్రతి నక్షత్రపు కొసలో ఒక సగం. ఒకే వైపు సగాలు నింపుకుంటూ పోండి, అప్పుడే నక్షత్రం తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. నింపేటప్పుడు ముందు అంచు రాసి, తర్వాత లోపల లావు కలంతో నింపండి, సూదిమొనంత ఖాళీ మిగిలినా అక్కడ నల్ల చుక్క పడుతుంది.

తర్వాత ఆరెంజ్‌లో ముంచి, ఆరాక పట్టీ అంచుల వెంట చిన్న చిన్న త్రికోణాలు నింపండి, వాటిని తోడేలు పళ్లు అంటారు. తర్వాత ఎరుపు, పది నిమిషాలు. ఎరుపు మీద కొసల మిగిలిన సగాలన్నీ నింపండి. చివరగా నలుపు, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, తొందరపడితే నలుపు కాక ముదురు గోధుమ రంగు వస్తుంది.

మధ్యలో మైనం బొట్టు పడకూడని చోట పడిందా? గీకకండి. గీకినా మైనపు జిడ్డు అక్కడే ఉంటుంది, చుట్టూ గీతలు పడతాయి. అలాంటి బొట్టే ఇంకో మూడు చోట్ల సమానంగా పెట్టండి, అదీ డిజైన్‌లో భాగమైపోతుంది. బబూస్య పిసంకిల్లో అలా పుట్టిన చుక్కలు ఎన్నో ఉన్నాయి.

మైనం కరిగించడం

గుడ్డు పూర్తిగా ఆరేదాకా, కనీసం గంట ఆగండి. గుడ్డును మంటకు పక్కన పెట్టండి, పైన కాదు. పైన పెడితే మసి పెంకులోకి దిగిపోతుంది, అది ఇక రాదు. ఒక అంగుళం మేర మైనం తడిగా మెరవగానే మెత్తటి టిష్యూతో ఒక్కసారి తుడిచి, టిష్యూలో శుభ్రంగా ఉన్న చోటికి మారండి. మురికి టిష్యూతో తుడిస్తే నల్ల మైనం తెల్లగీతల మీద పూసుకుంటుంది. ఒకేచోట ఎక్కువసేపు వేడి చేయకండి, లోపల పచ్చి సొన ఉడికి పెంకు చిట్లవచ్చు. మంటతో భయంగా ఉంటే హెయిర్ డ్రయర్ వాడండి, నెమ్మదిగా జరుగుతుంది కానీ మసి ఉండదు. ఈ పని పిల్లలు చూస్తుండగా చేయండి, నక్షత్రం బయటపడే క్షణం వాళ్లు చూడాలి.

వార్నిష్, సొన తీయడం

ఇక్కడ వరుస ముఖ్యం: ముందు వార్నిష్, తర్వాత సొన. వార్నిష్ లేని గుడ్డు మీద నీటి చుక్క పడితే రంగు కారిపోతుంది. చెక్కకు వేసే నూనె ఆధారిత క్లియర్ వార్నిష్ తీసుకోండి, వాటర్ బేస్డ్ వద్దు, అదే నీళ్లు రంగును కరిగిస్తాయి. గ్లవ్స్ వేసుకుని వేలికొసతో పల్చగా పూసి, చెక్కముక్కలో త్రికోణంగా కొట్టిన మూడు మేకుల మొనల మీద గుడ్డును నిలబెట్టండి. కిటికీలు తెరిచి ఉంచండి. ఒక రోజు ఆరనిచ్చి రెండో పూత, మళ్లీ ఆరనిచ్చి మూడోది.

రెండు రోజులు ఆగి మొద్దు కొసలో కన్నం చేయండి. నేను లావు ఇంజెక్షన్ సూదిని వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతూ చేస్తాను, తర్వాత చిన్న కత్తిమొనతో మూడు మిల్లీమీటర్లకు పెంచుతాను. సన్నటి తీగతో లోపల పచ్చసొన చిదిపి, గిన్నె మీద కన్నం కిందికి ఉండేలా పట్టుకుని, 10 మిల్లీలీటర్ల సిరంజిలో గాలి తీసుకుని సన్నటి సూదితో లోపలికి మెల్లగా ఎక్కించండి. గాలి వెళ్లిన కొద్దీ సొన సూది పక్క నుంచి కారుతుంది. గట్టిగా నొక్కితే గుడ్డు పేలుతుంది, నాకు ఒకసారి అలాగే జరిగింది, ఐదు రంగుల గుడ్డు. మొత్తం వచ్చాక అదే సిరంజితో నీళ్లు ఎక్కించి మూడుసార్లు కడిగి, టిష్యూ మీద కన్నం కిందికి పెట్టి మూడు రోజులు ఆరనివ్వండి. వాడిన సూదికి మూత పెట్టి జాగ్రత్తగా పారేయండి.

అక్కడ పాత ఇళ్లలో సొన తీయకుండానే దాచుకునేవారు, చల్లటి పొడి గాలిలో ఏళ్ల తరబడి లోపలే ఎండిపోతుంది. మన వేడిలో ఆ సాహసం చేయకండి, లోపల గ్యాస్ పట్టి పగిలితే ఆ వాసన గదిలోంచి వారం పోదు.

ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టొద్దు, రంగులు వెలిసిపోతాయి. అద్దాల బీరువాలో, గిన్నెలో పేర్చి పెట్టుకోవచ్చు. కొలోమియా ఊళ్లో 2000లో కట్టిన పిసంక మ్యూజియం ఉంది, భవనం మధ్య భాగమే 13 మీటర్లకు పైగా ఎత్తున్న గుడ్డు. ఇవానో ఫ్రాంకివ్‌స్క్ నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడ అద్దాల వెనక వరుసలు చూశాక నాకు తెలిసింది ఏంటంటే, ఊరు మారితే రంగులు మారతాయి, కోస్మచ్ గ్రామం గుడ్లు ఆరెంజ్, పసుపులతో, వెంట్రుకంత సన్నటి గీతలతో ఉంటాయి, ఎవరైనా దూరం నుంచే గుర్తుపడతారు. మీరు నక్షత్రం మూడు నాలుగుసార్లు రాశాక కోస్మచ్ పని ఫొటోలు వెతికి చూడండి, ఒక గుడ్డు మీద ఎంత పడుతుందో తెలుస్తుంది.

మొదటి గుడ్డుకు ఐదారు గంటలు పడుతుంది, రెండో దానికి నాలుగు. రంగులు పారబోయకండి. మూత బిగించి చీకటి అరలో పెడితే నెలల తరబడి ఉంటాయి, పైన తెల్లటి పొర కడితే పల్చటి గుడ్డలో వడకట్టి ఒక చెంచా వెనిగర్ కలిపి మళ్లీ వాడొచ్చు. ఎరుపు మాత్రం పది పన్నెండు గుడ్లకు పలచబడుతుంది, ఆ సీసా ఒక్కటి కొత్తగా కలుపుకోండి.